రెండు ఎండలు తగిలితే పోతుందా?

నూజివీడు దగ్గర మా బాబాయికి మామిడి తోట ఉంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడల్లా ఆయనతో నాకో పాత తగాదా. అప్పటికి చెట్లు పూత మీద ఉంటాయి, తేనెమంచు పురుగు పట్టి ఉంటుంది. (పురుగుల్లో ఇంత తీపి పేరు దేనికీ లేదేమో. అది విసర్జించే జిగురే ఆ తేనె, తర్వాత ఆకుల మీద నల్లగా మసి పట్టేదీ దానివల్లే.) సాయంత్రం గాలి తగ్గాక డ్రమ్ములో మందు కలిపించి కొట్టిస్తాడు. తెల్లవారేసరికి తోట నిండా పొగమంచు. నాలుగో చెట్టు అవతల ఏముందో కనపడదు. పండక్కి వచ్చిన పిల్లలకి అదో వింత, అరుచుకుంటూ అందులోకి పరిగెత్తుతారు.

"బాబాయ్, నిన్న సాయంత్రమేగా మందు కొట్టించావు. వీళ్ళని లోపలికి పోనిస్తున్నావేంటి?"

"ఏం కాదమ్మాయ్. రెండు ఎండలు తగిలితే మందంతా పోతుంది."

నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పి బతుకుతున్నదాన్ని. ఎండ మందుని ఏమీ చెయ్యదని నేను అనను, చాలా చేస్తుంది. నా పేచీ అంతా ఆ చివరి మాటతో. "పోతుంది" అంటే ఎక్కడికి? ఏమై పోతుంది? పైగా ఆ రెండు ఎండలకీ ముందు ఈ మంచు ఉందిగా, అందులో ఏం జరుగుతుందో ఎవరు చూశారు?

ఎండ మీద మనకున్న నమ్మకం చిన్నది కాదు. పరుపు ఎండలో వేస్తాం, పురుగు పట్టిన పప్పు ఎండలో పోస్తాం. ఆవకాయ జాడీ కడిగాక ఎండ తగలనిదే కారం కలపనివ్వదు మా అమ్మ. ఇవన్నీ అనుభవం నేర్పినవే, వీటిలో తప్పేం లేదు. గాలి విషయంలోనూ ఈ నమ్మకానికి గట్టి ఆధారమే ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఓజోన్‌ని విరగ్గొడతాయి. అందులోంచి ఎగిరిపడ్డ ఆక్సిజన్ పరమాణువు నీటి ఆవిరిని తాకితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఒక ఆక్సిజన్, ఒక హైడ్రోజన్, జత దొరకని ఒక ఎలక్ట్రాన్, అంతే అది. ఒక ఘన సెంటీమీటరు గాలిలో అణువులు రెండున్నర లక్షల కోట్ల కోట్లు ఉంటే, పట్టపగలు కూడా ఇవి ఓ పది లక్షలు ఉంటాయి. పుట్టిన సెకనులోపే దేన్నో ఒకదాన్ని కరిచి అయిపోతాయి. అయినా పెట్రోలు ఆవిర్లని, మీథేన్‌ని, చెట్ల వాసనల్ని, పురుగుమందుల్ని గాలిలోంచి తీసేసే పని ఎక్కువగా చేసేవి ఇవే. కింది వాతావరణంలో ఇవి తయారయ్యే దారిని 1971లో హైరమ్ లెవీ అనే శాస్త్రవేత్త చూపించాడు. అప్పటినుంచి దీన్ని వాతావరణపు సబ్బు అని పిలుస్తున్నారు.

ఆ పోలిక నాకు నచ్చదు. సబ్బు మురికిని పట్టుకుని నీళ్ళతో కాలవలోకి వెళ్ళిపోతుంది. హైడ్రాక్సిల్ ఎక్కడికీ తీసుకుపోదు. ఉన్నచోటే అణువులోంచి ఒక ముక్క పీకుతుంది, లేదా తానే వెళ్ళి అతుక్కుంటుంది. మిగిలిన అణువు గాలిలోనే ఉంటుంది, కాకపోతే ఇంకో పేరుతో. అది నీళ్ళలో మరింత సులువుగా కరిగే రకం కావచ్చు. అప్పుడది నీటి చుక్కలోకి దూరుతుంది. అక్కడ మళ్ళీ వేరే కథ మొదలవుతుంది.

చుక్క అంటే ఎంతనుకుంటున్నారు? పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గది నిండా మామూలు పొగమంచు పట్టించి, ఆ నీళ్ళన్నీ పిండామనుకోండి. మూడు గ్రాములు కూడా రావు, కాఫీలో పంచదార వేసుకునే చెంచాలో సగం. అవే నీళ్ళు మిల్లీమీటరులో నూరో వంతు చుక్కలుగా చెదిరి ఉన్నప్పుడు వాటి ఉపరితలమంతా కలిపితే ఒకటిన్నర చదరపు మీటర్లు దాటుతుంది. అంటే చెంచాడు కూడా లేని నీళ్ళకి చంటిపిల్లల దుప్పటి కంటే పెద్ద చర్మం ఉందన్నమాట. ఈ లెక్క క్లాసులో చెబితే పిల్లలు నమ్మరు. బోర్డు మీద వేయించి చూపించాల్సిందే.

ఇంటర్ రెండో ఏడాదిలో హెన్రీ నియమం చెబుతాం. ఒక వాయువు నీళ్ళలో ఎంత కరుగుతుందో దాని పైనున్న పీడనాన్ని బట్టి ఉంటుంది. సోడా బుడ్డీ ఉదాహరణ చెప్పి, ఒక లెక్క చేయించి ముందుకి పోతాం. 1987లో గ్లాట్‌ఫెల్టీ, సైబర్, లిల్యడాల్ అనే ముగ్గురు అమెరికాలో పొగమంచు పట్టి, అందులో ఉన్న పురుగుమందుల్ని కొలిచి 'నేచర్' పత్రికలో అచ్చువేశారు. కొన్ని మందులు హెన్రీ నియమం ప్రకారం ఉండాల్సిన దానికి వేల రెట్లు ఎక్కువ ఉన్నాయి. ఆ చిన్న చుక్కల విశాలమైన చర్మం మీదా, అందులో కరిగిన జిగురు పదార్థాల మీదా మందు అంటుకుని పేరుకుంటోందని అనుమానించారు. ఆ వ్యాసంలో నన్ను ఎక్కువ కుదిపింది ఈ వేల రెట్లు కాదు. వాళ్ళకి మంచులో పొలంలో కొట్టిన మందుతో పాటు, ఎవరూ కొట్టని మందులు కూడా దొరికాయి.

దీనికి పారాథయాన్ అనే పురుగుమందు సంగతి చెప్పాలి. దాని అమ్మకపు పేరు ఫాలిడాల్ అంటే పెద్దవాళ్ళకి వెంటనే తెలుస్తుంది, మా చిన్నప్పుడు ఊళ్ళో ఆ పేరు గుసగుసగానే వినపడేది. 1958లో కేరళలో ఈ మందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. మన దేశంలో పురుగుమందు విషప్రమాదాల చరిత్ర మొదలయ్యేదే అక్కడ. ఈ అణువులో భాస్వరాన్ని పట్టుకుని ఒక గంధకం ఉంటుంది. ఆ రూపంలో ఉన్నంతసేపూ అది నరాల మీద అంతగా పనిచెయ్యదు. ఒంట్లోకి వెళ్ళాక మన కాలేయమే, శుభ్రం చేద్దామనుకుని, ఆ గంధకాన్ని తీసి ఆక్సిజన్ పెడుతుంది. అలా తయారైనది పారాక్సాన్. నరానికీ నరానికీ మధ్య కబురు ముగించే ఎంజైముని పట్టి బిగించేది అదే. చంపేది అసలు మందు కాదు, దాని ఆక్సిజన్ తమ్ముడు.

కాలేయం చేసే ఆ మార్పునే ఎండా, ఓజోనూ, హైడ్రాక్సిలూ కలిసి గాలిలోనే చేసిపెడతాయి. పారాథయాన్ పోతుంది, పారాక్సాన్ వస్తుంది. మా బాబాయి భాషలో చెప్పాలంటే మందు పోయింది. నిజమే, పారాథయాన్ ఎంతుందో కొలిచే పరికరం కూడా పోయిందనే చెబుతుంది. 1963లో కాలిఫోర్నియా పీచ్ తోటల్లో పళ్ళు కోసే కూలీలు పదుల సంఖ్యలో జబ్బుపడ్డారు. మందు కొట్టి చాలా రోజులైంది, పోయి ఉంటుందనుకున్న తోటలవి. ఆకుల మీద, దుమ్ములో పారాథయాన్ పారాక్సాన్‌గా మారి కూర్చోవడమే దీనికి కారణమని తర్వాత తేల్చారు. మందు కొట్టాక ఇన్ని రోజుల దాకా తోటలోకి మనిషి అడుగు పెట్టకూడదనే నియమాలు గట్టిపడటానికి వెనక ఇలాంటి ఘటనలున్నాయి.

ఆ రాష్ట్రాన్నే నేను మళ్ళీ మళ్ళీ తలుచుకోవడానికి ఇంకో కారణం ఉంది. బాబాయి కొడుకు శాక్రమెంటోలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒక జనవరిలో వాడి దగ్గరికి వెళ్ళాను. ఫ్రెస్నోలో స్నేహితుల ఇంటికని కారులో బయల్దేరాం. గంట తిరక్కుండానే ముందున్న లారీ ఎర్రలైట్లు తప్ప ఇంకేమీ లేవు. "టూలీ ఫాగ్ అక్కా ఇది, ఏటా చలికాలం ఇంతే" అన్నాడు, స్టీరింగ్ మీదకి వంగి. టూలీ అంటే అక్కడి చిత్తడి నేలల్లో పెరిగే గడ్డి, మన తుంగ జాతిదే. నేను దానికి అక్కడికక్కడే తుంగమంచు అని పేరు పెట్టేశాను. కొల్లేరు గుర్తొచ్చింది. వాడికి మాత్రం టెన్షన్‌లో నవ్వు రాలేదు.

ఆ లోయ నిండా బాదం, పీచ్, ద్రాక్ష. చెట్లు ఆకు రాల్చి నిద్రపోయే డిసెంబరు, జనవరి నెలల్లో కొమ్మల మీద చలికాలం గడిపే పురుగుల్నీ, వాటి గుడ్లనీ చంపడానికి మందు కొడతారు. గ్లాట్‌ఫెల్టీ బృందం మంచు పట్టిన రోజుల్లో పారాథయాన్, డయాజినాన్ లాంటివి కొట్టేది సరిగ్గా అప్పుడే. మందు కొట్టే రుతువూ మంచు కురిసే రుతువూ ఒకటే. నూజివీడులోనూ అంతే కదా? చెట్టు వేరు, పురుగు వేరు, మందు పేరు కూడా వేరే కావచ్చు. జనవరి మాత్రం ఒకటే. కిటికీ బయట తెల్లగా ఏమీ కనపడని ఆ రెండు గంటలూ నేను చేసింది బాబాయితో వాదించడమే, ఆయన పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్నా.

చుక్క లోపలి సంగతికి వద్దాం, నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అది. గాలిలోని హైడ్రాక్సిల్‌కి ముఖ్యంగా ఓజోన్ కావాలి. చుక్కలో అయితే దారులు చాలా. బండ్ల పొగ నుంచి వచ్చిన నైట్రేటు, నైట్రైటు ఎండలో విరిగి హైడ్రాక్సిల్ ఇస్తాయి. గాయాల మీద పోసే హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా ఇస్తుంది, అది మేఘాల్లో మామూలుగా కొంత ఉంటుంది. నాలుగోది తుప్పు. దుమ్ములోంచి, పరిశ్రమల బూడిదలోంచి ఇనుము చుక్కలో చేరుతుంది. అక్కడ దానికి ఆక్సాలిక్ ఆమ్లం దొరుకుతుంది. పాలకూరలో ఉండేదీ, బట్ట మీద తుప్పు మరక తీసేదీ ఇదే. (కంద దురదలో కూడా దీని చుట్టరికం ఉంది.) ఆ రెండూ కలిసి పట్టుకుని ఉన్నప్పుడు ఎండ పడితే ఇనుము ఒక ఎలక్ట్రాన్ లాక్కుంటుంది, ఆక్సాలిక్ ఆమ్లం విడిపోయి బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోతుంది. ఆ గొడవలో హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతుంది. అది ఇనుముతో కలిస్తే మళ్ళీ హైడ్రాక్సిల్. ఈ చివరి అంచెని ఫెంటన్ అనే ఆంగ్లేయుడు 1894లోనే పరీక్షనాళికలో చూశాడు, అయితే ఆయన ముందున్నది చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం. మేఘాలకి ఆయన చూసినదాని అవసరం ఉందని తేలడానికి దాదాపు వందేళ్ళు పట్టింది. 1992లో స్విట్జర్లాండ్‌లో జువో, హోయ్‌నే అనే ఇద్దరు వాతావరణపు నీటిలో ఆక్సాలిక్ ఆమ్లం తరిగిపోవడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టడం ఈ ఇనుము మీద పడ్డ ఎండ వల్లేనని చూపించారు. గంటలు కూడా కాదు, నిమిషాల లెక్కలో జరిగే పని.

ఇదేదో కొత్త వింత అనుకోకండి. ఇంజనీర్ల బ్లూప్రింట్ కాగితం ఇలాగే పనిచేసేది. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి అది. ఇనుపలవణం పూసిన కాగితాన్ని ఎండలో పెడితే ఇనుము మారుతుంది, దాంతో నీలిరంగు వస్తుంది. అక్కడ ఆక్సాలిక్ ఆమ్లం బదులు నిమ్మకాయ ఆమ్లం, అంతే తేడా. ఏ మేఘం లోపల చూసినా కోట్ల కొద్దీ బ్లూప్రింట్లు తడి తడిగా తయారవుతున్నాయని నేనంటే మా స్టాఫ్ రూములో ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడిదాకా ఎండ గెలిచినట్టే ఉంటుంది. ఆక్సాలిక్ ఆమ్లం నిజంగానే పోయింది, వాయువై ఎగిరిపోయింది. "పోతుంది" అనే మాటకి పూర్తి అర్హత ఉన్న సందర్భం అది. అన్నీ అలా పోతే నేను ఈ వ్యాసం రాయక్కర్లేదు.

భోగి పొద్దున తీసుకోండి. నాలుగింటికి మంట వేస్తాం, ఆరింటికి మంచూ పొగా కలిసిపోతాయి. కట్టెలోని లిగ్నిన్ కాలినప్పుడు గ్వయాకాల్, సిరింగాల్ అనే ఫినాల్సు వస్తాయి. కట్టెపొగకి ఆ వాసన ఇచ్చేది ఇవే. వీటితోపాటు వెనిల్లిన్ కూడా, అవును, ఐస్‌క్రీములో ఉండేదే. ఇవన్నీ మంచు చుక్కల్లోకి దిగుతాయి. ఏడింటికి సూర్యుడు వస్తాడు. వెనిల్లిన్ లాంటి అణువులు ఆ కాంతిని మింగి కాసేపు పూనకం వచ్చినట్టు ఉంటాయి. ఆ స్థితిలో పక్కనున్న ఫినాల్ నుంచి ఎలక్ట్రానో హైడ్రోజనో లాక్కుంటాయి. దెబ్బతిన్న ఫినాల్సు ఒకదాన్నొకటి పట్టుకుని జంటలవుతాయి, జంటలు గుంపులవుతాయి. చిన్న అణువులు విరగడం కాదిక్కడ, పెద్దవి తయారవుతున్నాయి. రంగు కూడా వస్తుంది, పసుపు నుంచి గోధుమరంగు దాకా. తొమ్మిదింటికి "మంచు విడిపోయింది" అంటాం. నీళ్ళు విడిపోయాయి, సరే. ఆవిరి కాలేని ఆ గోధుమరంగు సరుకు సన్నటి నుసిగా గాలిలో మిగిలింది. రాత్రి అది వాయువు, ఇప్పుడు పీఎం 2.5 అని కొలిచే సన్న నుసి. ఇటలీలో పో నది లోయలో కట్టెపొగ తేమలో కలిసి ఇలా కొత్త నుసిగా మారడాన్ని బయటి గాలిలోనే పట్టుకుని 2016లో ప్రచురించారు. డేవిస్‌లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు అదే తుంగమంచుని పట్టి, దీపాల ఎండలో పెట్టి, ఈ పూనకం అణువులు ఎన్ని పుడుతున్నాయో లెక్కగట్టారు.

పండగ మీద పడుతున్నానని అనుకునేవాళ్ళకి ఒక మాట. మా వీధి మంటలో నేనూ పిడకల దండ వేస్తాను. ఒక్క పొద్దుటి మంట సంగతి కాదు. కోత మిషన్లు వచ్చాక చేలోనే గడ్డి తగలబెట్టడం మావైపూ చూస్తున్నాం. ఇక ఉత్తరాదిన చలికాలమంతా మంచూ పొగా కలిసి కాపురం చేస్తాయి. లిగ్నిన్ వరిగడ్డిలోనూ ఉంటుంది.

పొగలో నైట్రైటు కూడా ఉంటే నైట్రోఫినాల్సు తయారవుతాయి. మా ల్యాబులో పారా నైట్రోఫినాల్ చిన్న సీసాలో ఉంటుంది. ఆమ్లంలో రంగుండదు, క్షారం చుక్క వేస్తే పసుపు. పారాథయాన్ విరిగినా చివరికి వచ్చే ముక్క అదే. 1980లలో జర్మనీ, స్విట్జర్లాండ్ వానల్లో నైట్రోఫినాల్సు దొరికాయి. అడవులు ఎండిపోతున్నాయన్న ఆందోళన అప్పుడు పెద్దది, వీటినీ అనుమానితుల వరసలో నిలబెట్టారు. ఈ జాతివాడే అయిన డైనైట్రోక్రెసాల్‌ని మనుషులు 19వ శతాబ్దం చివరినుంచే పురుగుమందుగా కొన్నారు, తర్వాత కలుపుమందుగానూ. కంపెనీ లేకుండా, డబ్బా లేకుండా, బండ్ల పొగ నుంచి మేఘం దాన్ని ఉచితంగా తయారుచేస్తోందన్నమాట.

"అంత విషమైతే ఈపాటికి అందరం పోవాలిగా?" ఇది బాబాయి దగ్గరున్న పెద్ద బాణం. దీన్ని కొట్టిపారెయ్యను. చుక్కలో ఉండే మోతాదులు చిన్నవి. పారాక్సాన్ కూడా శాశ్వతం కాదు, నీళ్ళూ ఎండా దాన్నీ విరగ్గొడతాయి. పది ఎండలు తగిలాక ఆకు మీద మిగిలేది నిజంగానే తక్కువ. నేననేది మధ్యలో ఉన్న ఆ కొన్ని గంటలు, కొన్ని రోజుల గురించి. తోటలో కలుపు తీసే ఆడవాళ్ళు, కాయ ఏరే పిల్లలు సరిగ్గా ఆ మధ్యలోనే లోపలికి వెళతారు. మోతాదు చిన్నదే కావచ్చు, కానీ పొద్దున్నే మంచులో నాలుగు గంటలు ఊపిరి పీల్చే మనిషిది నా లాంటి పండగ చుట్టం లెక్క కాదు.

నాకు ఇంకా కోపం తెప్పించేది లెక్కలు రాసేవాళ్ళ తీరు. ఆహారం విషయంలో మన చట్టానికి ఈ సంగతి కొంత తెలుసు. పారాథయాన్ లాంటిదే అయిన మలాథయాన్ అవశేషాలు కొలిచేటప్పుడు, దాని ఆక్సిజన్ రూపం మలాక్సాన్‌ని కూడా కలిపి లెక్కవెయ్యాలని రాశారు. అంటే తమ్ముడు ఉన్నాడని ఒప్పుకున్నట్టే. గాలి దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి లేదు. 2009 నాటి జాతీయ గాలి ప్రమాణాల్లో పన్నెండు పేర్లున్నాయి, వాటిలో కర్బన పదార్థాలు బెంజీన్, బెంజోపైరీన్ రెండే. అవి కూడా పొగగొట్టం నుంచి తిన్నగా వచ్చేవి. ఎండలో, చుక్కలో పుట్టే కర్బన పదార్థాలకి సొంత పేరు లేదు. నుసి బరువులో కలిసిపోతే కలిసిపోతాయి, లేకపోతే లేదు. మంచు నీటిని పట్టి చూడటం ఖరీదైన పనా అంటే, పట్టడానికి సన్నటి తీగల వరస, కింద ఒక సీసా చాలు. చుక్కలు తీగలకి తగిలి జారతాయి. తర్వాతి పరీక్షకే డబ్బు కావాలి. ఢిల్లీ విమానాశ్రయంలో పూణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళు 2015 నుంచి చలికాలపు మంచుని అధ్యయనం చేస్తున్నారు. విమానాలు ఆగిపోతాయి కాబట్టి అక్కడ మంచుకి ఒక విలువ ఉంది. మామిడి తోటలో ఆగేది పిల్లల ఆట ఒక్కటే.

మొన్న సంక్రాంతికి ఇదంతా బాబాయికి అరుగు మీద కూర్చుని చెప్పాను. ఇనుము సంగతి ఆయనకి పట్టలేదు. కాలేయం సంగతి దగ్గర మాత్రం కాఫీ గ్లాసు కింద పెట్టి విన్నాడు. "అయితే ఎప్పుడు కొట్టమంటావ్? పురుగు నీ కెమిస్ట్రీ కోసం ఆగుతుందా?" అన్నాడు. ఆగదు. మంచు పట్టేలా ఉన్న సాయంత్రం మానేసి, పొడిగా ఉన్న రోజు చూసుకో, డబ్బాతో వచ్చే కాగితంలో ఎన్ని రోజులు ఆగమన్నాడో అన్ని రోజులు ఆగు, మంచు విడిచాకే మనుషుల్ని పంపు, ఎండల లెక్క వదిలెయ్యి అన్నాను. సరే అనలేదు, కాదనలేదు.

లేచి కొట్టం వైపు వెళ్ళి, ఖాళీ డబ్బా ఒకటి పట్టుకొచ్చి కళ్ళజోడు పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు.

"ఇంతకీ ఆ ఎండకి పుట్టే రెండోదాని పేరు దీనిమీద ఎక్కడ రాశాడమ్మాయ్?"

"రాయడు బాబాయ్."

ఆయన ఇంకాసేపు వెతికాడు.